అత్త చెట్టుకి రెండు గోడల ఇల్లు

మా వైపు చలి ఉండదని బయటి జిల్లాలవాళ్లు తేలిగ్గా అనేస్తారు. సముద్రం పక్కన చలేమిటి అంటారు. అలాంటివాళ్లని ధనుర్మాసంలో ఒక్క తెల్లవారుజామున మా ఊరి మొగలో మందస బస్సు కోసం నిలబెట్టాలని నాకు చాలా కోరిక. కొండల మీంచి దిగిన మంచు జీడి తోటల్లోంచి పొద్దెక్కేదాకా కదలదు. సీసాలో కొబ్బరి నూనె గడ్డ కట్టుకుపోతుంది. మనుషులు దుప్పట్లు కప్పుకుంటారు, పశువులకి గోనెలు కప్పుతారు. ఆ సంవత్సరం నేను జీడి మొక్కలకి కప్పాను. ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారులే అనుకున్నాను.

అసలు సంగతంతా ఒక చెట్టుది. మా అత్త కాపురానికొచ్చిన కొత్తలో తన చేత్తో నాటిన జీడి చెట్టు. దాని పిక్కలు మిగతా చెట్ల పిక్కలకంటే లావు, పప్పు నిండుగా ఉండేది, కాపు కూడా అందరికంటే ముందు దిగేది. పెద్ద తుఫాను వచ్చిన రోజు మా తోటలో నిలబడ్డ చెట్టు ఒక్కటి మిగల్లేదు. కొబ్బరి చెట్లు మధ్యకి విరిగాయి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. అత్త చెట్టూ పడింది గాని చావలేదు. సగం వేళ్లు మట్టిలోనే ఉండిపోయాయి, నేలకి ఆనిన కొమ్మలు కొత్త వేళ్లు దింపుకున్నాయి. మరుసటేడు అది పడుకునే పూత పూసింది. అత్త రోజూ పొద్దున్నే వెళ్లి ఆ మాను మీద కాసేపు కూర్చుని వచ్చేది. అక్కడ కూర్చుని ఏం ఆలోచించేదో నేనెప్పుడూ అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ బాధపడతాను.

అత్త పోయాక భూమి పంచుకున్నారు. చెట్టున్న భూమి చెక్క నా భర్త అన్నగారికి, అంటే మా బావగారికి పడింది. గట్టుకి ఇవతలది మాకు. చెట్టు మొదలు గట్టుకి పది అడుగుల దూరంలో ఉంటుంది, అంతే. ఆ పది అడుగులే నన్ను రెండేళ్లు నిద్రపోనివ్వలేదు.

బావగారు ఊళ్లో మాట చెల్లే మనిషి. ఎన్నికలొస్తే నాయకులు ముందు ఆయన అరుగు మీద కూర్చుని టీ తాగి గాని వీధిలోకి దిగరు. కార్తీకంలో ఒకరోజు మా గుమ్మం దగ్గర నిలబడి, చెట్టు మానులో పురుగు పడిందని, ధనుర్మాసం వెళ్లగానే కోయించి ఆ చెక్కంతా సరుగుడు వేస్తానని చెప్పాడు. నా భర్త తల దించుకున్నాడు. ఆయన తన అన్నగారి మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పిన మనిషి కాదు. నేను చెప్పాను.

"కోయొద్దు బావగారూ. కాత్తన్న సెట్టు అది."

"పడిపోయిన సెట్టుని పట్టుకుని ఎన్నాళ్లు ఏలాడతావమ్మా?" అన్నాడు. "నా సెక్కలోది. నా ఇట్టం."

నిజమే, ఆయన చెక్కలోదే. పోట్లాడటానికి నా చేతిలో ఏమీ లేదు. అయితే కోసేలోగా దాని కొమ్మలు కావాలని అడిగాను. కొమ్మలేం చేసుకుంటావో చేసుకో అని వెళ్లిపోయాడు.

ఆ కొమ్మలతో అంట్లు కట్టాలని నా ఆలోచన. పిక్క నాటితే మొక్క వస్తుంది గాని దానికి తల్లి గుణమే వస్తుందని ఎవరూ పూచీ పడరు. అదే చెట్టు మళ్లీ కావాలంటే దాని కొమ్మ తీసి వేరే మొక్క మీద అంటు కట్టాల్సిందే. ఆ పని నేను నర్సరీ శిక్షణలో ఆరు రోజులు నేర్చుకున్నాను. అక్కడ నేనొక్కదాన్నే ఆడదాన్ని. కత్తి పట్టడం చూసి మగవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. తోట పోయాక ఆరేళ్లు పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి, పప్పు ఒలిచిన చేతులు నావి. పప్పు మీది పొరని గాటు పడకుండా తీసే చేతికి లేత కొమ్మ చెక్కడం ఎంత పని? ఆరో రోజు ఆ నవ్విన మనిషే నా దగ్గరికొచ్చి తన అంటు ఎందుకు జారిపోతోందో చూడమన్నాడు.

చిక్కంతా కాలంతోనే. చలిలో కట్టిన అంటు అతకదు. మొక్క నిద్రపోతున్నట్టు ఉంటుంది, పాలు కదలవు, అతికే లోపే కొమ్మ ఎండిపోతుంది. వానలదాకా ఆగుదామంటే అప్పటికి చెట్టే ఉండదు. పైగా పూత పట్టిన కొమ్మ అంటుకి పనికిరాదు, పూత ముంచుకొస్తోంది. ధనుర్మాసంలోనే కట్టాలి, వెచ్చగా ఉంచి బతికించాలి. బతక్కపోతే అత్త చెట్టు అన్నది లోకంలో ఇక లేదు. నాకు ఉన్న దారి అదొక్కటే.

పెరట్లో వెదుళ్లు వంచి, పలాస నుంచి తెచ్చిన తెల్ల ప్లాస్టిక్ కవరు కప్పి చిన్న ఇల్లు కట్టాం. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. కార్తీకంలోనే సంచుల్లో పిక్కలు వేసి పెట్టుకున్నాను కాబట్టి మొక్కలు అప్పటికి జానెడు దాటాయి. అత్త చెట్టు మీద మంచి కొమ్మలు చూసుకుని వాటి ఆకులు కత్తిరించి ఉంచాను. అలా చేస్తే వారం పది రోజుల్లో కొన మొగ్గ ఉబ్బి అంటుకి సిద్ధమవుతుంది. ధనుర్మాసం మొదట్లో అరవై అంట్లు కట్టాను. మొక్క తల నరికి, నడిమికి చీల్చి, ఉలి మొనలా చెక్కిన కొమ్మని అందులో దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైన పాల ఐసు పోసి అమ్మే సన్నటి ప్లాస్టిక్ కవరు తొడిగాను.

మొదటి తెల్లవారే తెలిసింది ఒక్క కవరు ఎందుకూ పనికిరాదని. పగలంతా లోపల ఉడికిపోతుంది. సూర్యుడు దిగిన గంటకి లోపలా బయటా ఒకటే చలి. కవరు లోపలి వైపు నీటి బొట్లు పట్టి అవన్నీ అంట్ల మీదే కారుతున్నాయి. మా ఇంట్లో కొలిచే యంత్రం లేదు. రెండు చిన్న సీసాల్లో కొబ్బరి నూనె పోసి ఒకటి బయట, ఒకటి లోపల పెట్టాను. పొద్దున్న రెండూ తెల్లగా పేరుకుని ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. వెచ్చదనం అంటే పలాసలో పని చేసినవాళ్లెవరికైనా ముందు పిక్క తొక్కే గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ పొయ్యిల్లో వేసేది అదే, చవగ్గా దొరికేది అదే, ఒకసారి అంటుకుంటే చాలాసేపు మండేదీ అదే. ఒక గోనెడు తొక్కలు తెప్పించి, పాత ఇనప బాండీలో పోసి, పొద్దుగూకే వేళ లోపల నిప్పు పెట్టి తలుపు మూశాను. ఆ తొక్కలో ఉండే నూనె తగిలి నా వేళ్ల చర్మం ఎన్నిసార్లు ఊడిందో నాకు తెలుసు. తెలిసిన మనిషినే ఆ పొగని పసిమొక్కల మీదికి వదిలాను. పొద్దున్న తలుపు తీస్తే కవరంతా గోధుమ రంగులో జిడ్డుగా ఉంది. అంట్ల మొగ్గలన్నీ నల్లబడి ఉన్నాయి. అరవైలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఇంకా అంటు కట్టని మొక్కల సంచులు వసారాలో ఉండబట్టి అవి బతికాయి. ఏడుపు రాలేదు నాకు, నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

బావగారు గట్టు మీంచే చూసి, మొక్కలకి పొగ పెట్టి దోమల్ని తోలుతోందా అని నా భర్తని అడిగాడట. నా భర్త నాకు ఆ మాట చెప్పి, వదిలేద్దామా అన్నాడు.

"నువ్వొదిలెయ్ మావా, నానొదల్ను," అన్నాను.

మర్నాడు సుమ్మాదేవి ఊరి నుంచి నా స్నేహితురాలిని పిలిపించాను. ఫ్యాక్టరీలో ఆరేళ్లూ మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని పప్పు ఒలిచాం. నాకంటే నాలుగేళ్లు చిన్నది, నన్ను అప్పా అంటుంది, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. వచ్చి ఆ మసి చూసి ముందు తలంటి పోసింది. పిక్క తొక్క సంగతి నీకు నేను చెప్పాలా అని గడ్డి పెట్టింది. తరవాత మసిబారిన ఆ ఒంటి పొరని వేలితో మీటి చూసి అంది.

"అప్పా, మద్దేనం అన్నాలేల బోర్మా గోడకి ఈపు ఆనించి కూకునేవోళ్లం గేపకముందా? లోపల అంత సెగ ఉంటే మన ఈపు ఎప్పుడైనా కాలిందేటి?"

బోర్మా అంటే ఫ్యాక్టరీలో పప్పు ఆరబెట్టే వేడి గది. లోపలికి పోతే ముఖం మాడిపోయేది. బయట గోడకి ఆనుకుంటే మాత్రం గోరువెచ్చగా, హాయిగా ఉండేది. ఆ గోడ కట్టేటప్పుడు చూసిన ముసలి మేస్త్రీ ఒకసారి మాకు చెప్పాడు, అది ఒక గోడ కాదు, రెండు గోడలని, మధ్యలో ఖాళీ వదిలారని. సెగ ఆ ఖాళీ దాటి బయటికి రాలేదు. ఆరేళ్లు దానికి వీపు ఆనించి అన్నం తిన్నాను గాని నాకు తట్టలేదు. నేను లోపల నిప్పు పెట్టాలని చూశాను. కావలసింది నిప్పు కాదు. పగలు వచ్చిన వెచ్చదనం బయటికి పోకుండా రెండో గోడ కావాలి.

ఆ రోజే పని మొదలుపెట్టాం. వెదుళ్ల పైన కొత్త కవరు ఒకటి వేశాం. లోపల రెండోది కట్టాం. మొదటిసారి అదీ తప్పే చేశాం, లోపలి కవరు వదులై సాగి అక్కడక్కడ పై కవరుకి అంటుకుపోయింది. తెల్లవారి చూస్తే అంటుకున్న చోటల్లా నీటి బొట్లు, ఎడంగా ఉన్న చోట పొడి. బోర్మా మేస్త్రీ మాట ఎంత నిజమో ఆ బొట్లే చెప్పాయి. అప్పుడు నా భర్త మా ఊరి కొబ్బరి తాడు తెచ్చి, నులక మంచం అల్లినట్టు లోపలంతా అడ్డంగా నిలువుగా బిగించి అల్లాడు. ఆ అల్లికకి కింది వైపున లోపలి కవరు లాగి కట్టాం. రెండు కవర్ల మధ్య ఎక్కడ చూసినా బెత్తెడు ఖాళీ నిలిచింది. అన్నకి ఎదురు చెప్పలేని మనిషి ఆ తాడు అల్లడానికి మూడు రోజులు వంచిన నడుం ఎత్తలేదు. ఆయన చెప్పలేనిది అలా చెప్పాడని నాకు తెలుసు.

మిగతావి ఒక్కొక్కటే తోచాయి. అంచుల్లోంచి చలిగాలి దూరకుండా చుట్టూ కాలవ తీసి కవరు చివర్లు మట్టిలో కప్పెట్టాం. మసిబారిన పాత కవరుని పారేయకుండా ఉత్తరపు గోడకి మూడో పొరగా కట్టి, దానికి ఆనించి కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు నడుమెత్తు పేర్చాం. చలిగాలి అటునుంచే కదా వచ్చేది. మొక్కల సంచుల కింద కొబ్బరి పొట్టు పరిచాం. నీళ్లు నింపిన రెండు నల్ల డ్రమ్ములు లోపల పెడితే పగలు ఎండకి వేడెక్కి పొద్దుగూకాక ఆ వేడి మెల్లగా వదిలేవి. తలుపుకి ఒక దాని వెనక ఒకటి రెండు గోనె తెరలు, నా స్నేహితురాలు కుట్టింది. ఒకటి దించాకే రెండోది ఎత్తాలని మాకిద్దరికీ హుకుం జారీ చేసి మరీ వెళ్లింది. సాయంత్రం ఎండ ఉండగానే కొబ్బరాకు తడకలు పైన కప్పేవాళ్లం, పొద్దున్న మంచు విడగానే తీసేవాళ్లం.

అంతా అమర్చిన అయిదో రోజు పొద్దున్న నూనె సీసాలు చూశాను. బయట సీసా బోర్లించినా చుక్క కారలేదు. లోపలిది మబ్బుగా ఉంది గాని వంచితే కదిలింది. ఆ కదిలే నూనె చూసి పెరట్లో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వేశాను. బతికించగలను అని నాకు మొదటిసారి నమ్మకం కలిగింది ఆ పొద్దునే.

అంతకు వారం ముందే చెట్టు మీద మళ్లీ కొమ్మలు చూసి ఆకులు కత్తిరించి ఉంచాను. పూత రాని కొమ్మలు అవే ఆఖరు. ఇంకో మూడు రోజులకి మొగ్గ పూర్తిగా ఉబ్బుతుంది, అప్పుడు కోద్దామని లెక్క. ధనుర్మాసం వెళ్లడానికి ఇంకా వారం ఉంది కదా అన్న ధైర్యం.

మర్నాడు పొద్దున్నే కోత మిషను చప్పుడు వినిపించింది. నేను తడకలు తీస్తున్నాను. తడక అక్కడే పారేసి గట్టు దాటి పరిగెత్తాను. బావగారు, ఇద్దరు కోత మనుషులు, కర్ర తీసుకుపోవడానికి ఒక ట్రాక్టరు. కర్ర కొనే అతను ముందే వచ్చేశాడట, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదట. నేను వెళ్లి మాను మీద కూర్చున్నాను. అత్త కూర్చునే చోటే. కావాలని కాదు, కాళ్లు అక్కడికే తీసుకెళ్లాయి.

"లెగమ్మా, నలుగురూ సూత్తన్నారు," అన్నాడు బావగారు.

"సూడనీయండి. ధనుర్మాసం ఎల్లాకన్నారు. మీ మాట మీరే తప్పుతారేటి?"

ఊళ్లో ఆయన్ని ఆ మాట అన్నవాళ్లు లేరు. కోత మనుషులు మిషను ఆపి అటు తిరిగి నిలబడ్డారు. ఆయన ముఖం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నాను. నా పక్కకి వచ్చి, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

"నీకు తెలీదమ్మా. పొద్దున్న లెగిసి దీన్ని సూత్తే మాయమ్మ నేల మీద పడిపోయి ఉన్నట్టే ఉంటాది. నానింక సూళ్లేను."

ఇన్నాళ్లూ ఆ మనిషికి ఆ చెట్టంటే పట్టింపు లేదనుకున్నాను. ఆయనకి చూడలేక నరకాలని ఉంది, నాకు చూడకుండా ఉండలేక నిలపాలని ఉంది. జాలేసింది. అయినా నేను లేవలేదు.

"నిలబెట్టి సూపిత్తాను బావగారూ. మద్దేనం దాకా మిషను ముట్టకండి," అన్నాను.

ఆయన కోత మనుషుల్ని టీ తాగి రమ్మని పంపేశాడు.

పైకి లేచి పెరిగిన కొమ్మలు అందడానికి నా భర్త నిచ్చెనతో వచ్చాడు, అన్న ముందునుంచే, తల దించుకోకుండా. ఆకులు కత్తిరించిన కొమ్మలన్నీ కోశాం. మొగ్గ ఇంకా సరిగా ఉబ్బలేదు. ఉబ్బినా లేకపోయినా అవే మాకు దక్కినవి. తడిగుడ్డలో చుట్టి తెచ్చి ఆ పగలంతా అంట్లు కట్టాను. గట్టు అవతల మిషను చప్పుడు మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ఆగింది. ఆ చప్పుడు వింటూనే ఒక్కో కొమ్మా చెక్కాను. డెబ్భై నాలుగు అంట్లు కట్టి, చేతులు కడుక్కుని, తడకలు కప్పి, అప్పుడు కూర్చుని ఏడ్చాను.

ఆ తరవాత రోజూ ఒకటే పని. సాయంత్రం కప్పడం, పొద్దున్న విప్పడం, తెర ఒకటి దించాక ఇంకోటి ఎత్తడం. కొన్ని అంట్లు ఎండాయి, తీసేశాను. ఇంకొన్ని కుళ్లాయి, అవీ తీసేశాను. మూడు వారాలు దాటాక ఒక పొద్దున్న ఐసు కవరు లోపల రాగి రంగులో చిన్న ఆకు కనిపించింది. తరవాత ఇంకోటి. చివరికి ముప్పై ఒకటి నిలిచాయి. వాటిని లెక్కపెట్టడానికి నేను వేలు తాకించలేదు, కంటితోనే లెక్కపెట్టాను. మొగ్గలు పూర్తిగా ఉబ్బని కొమ్మలతో, ధనుర్మాసపు చలిలో, ముప్పై ఒకటి. శిక్షణ ఇచ్చినాయన వచ్చి చూసి, ఇలా ఎవరు చెప్పారని అడిగాడు. బోర్మా గోడ చెప్పిందన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

వానలు పడగానే నాటాను. తోట నడిమిన నాటమని అందరూ చెప్పారు. నడిమిన కొన్ని నాటాను, ఏడు మొక్కలు మాత్రం గట్టుకి ఆనుకుని వరసగా గుంటలు తీశాను. బావగారు గొడుగేసుకుని వచ్చి గట్టుకి అవతల నిలబడ్డాడు. జీడి చెట్టు ఎంత మేర పాకుతుందో మా ఇద్దరికీ తెలుసు.

"ఇంత గట్టు మీదేటి? వెనక్కి జరుపు. రేపు కొమ్మలు నా సెక్కలోకి ఒచ్చేత్తాయి."

"ఒత్తాయి బావగారూ. రానీయండి. అప్పుడు నరుకుదురు గాని," అన్నాను.

గుంటలో మట్టి నొక్కుతూనే ఉన్నాను, తలెత్తలేదు. ఆయన ఎన్నేళ్లకి కాస్తుందని అడిగాడు. మూడేళ్లకి అన్నాను. గొడుగు సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే ఆయన చెక్కలో సరుగుడు నాటారు. కూలీలు మొదటి వరస గట్టు పక్కనుంచి మొదలుపెట్టబోతే ఆయన వద్దన్నాడని నా భర్త వచ్చి చెప్పాడు. వెళ్లి చూశాను. మా ఏడు మొక్కలకి ఎదురుగా, గట్టు నుంచి కోసేసిన మొద్దు దాకా, పది అడుగులు ఖాళీగా వదిలి అవతలనుంచి నాటించాడు. ఎందుకు వదిలారని నేను ఈరోజుకీ అడగలేదు. గట్టు మీది మొక్కల్ని మాత్రం అంగుళం కూడా జరపలేదు.